సునంద అద్దిన అంచు

పత్రికలో పనిచేసినన్నాళ్లూ దయ్యం వార్త వస్తే డెస్కువాళ్లు నాకే అప్పజెప్పేవారు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో, జిన్నారం ఊళ్లలో అలాంటివి చాలా చూశాను. ఆరా తీస్తే ఒకచోట తెగిన కరెంటు తీగ, ఒకచోట పిల్లి, ఇంకోచోట దాయాదుల తగాదా బయటపడేది. దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా అనలేను. జరిగింది మాత్రం చెబుతాను.

నా భార్య సునంద నాటకాలకు, సీరియళ్లకు కావలసిన రాజుల కాలపు దుస్తులకు అంచులు తయారుచేస్తుంది. పాత జరీ అంచులు సేకరిస్తుంది. దొరకనివాటి కోసం కొత్తది కొని, పాతదనం వచ్చేలా రంగు అద్దుతుంది. అమీన్‌పూర్‌లో మా అపార్ట్‌మెంట్ బాల్కనీయే ఆమె కార్ఖానా.

ఆ మధ్య ఒక సీరియల్‌లో చిన్న నవాబు షేర్వాణీకి అంచు కావాలన్నారు. సంగారెడ్డి బజారులో ఒకప్పుడు బట్టల దుకాణం నడిపిన కుటుంబంలోని పెద్దావిడ, రాజేశ్వరమ్మ, దగ్గర అలాంటిది ఉందని తెలిసి వెళ్లాం. జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు. వెలిసిన ఇటుకరంగు పట్టు మీద జరీ. చిన్నతనంలోనే పోయిన ఆమె తమ్ముడి షేర్వాణీ చేతి అంచట అది. అతని గుర్తుగా ఆమెకు మిగిలింది అదే.

“సూసుకొని రంగు కలుపుకో బిడ్డా. ఒక్క పోగు గూడ గుంజొద్దు. మళ్ల గిదే నా చేతిల పెట్టాలె,” అంది. నా వైపు తిరిగి, “పేపరు సారూ, నువ్వే జమానతు. రాకుంటే నిన్నే అడుగుత,” అని నవ్వింది.

సునంద పాతబస్తీలో కొన్న కొత్త అంచు చుట్టలోంచి అంతే పొడవు ముక్క కత్తిరించింది. అది నూలుది, జరీ నకిలీది. రంగు పోల్చుకోవడానికి రెండింటినీ పక్కపక్కన పెట్టి దగ్గరనుంచి ఫోటో తీసింది. ఆ ఫోటో ఇప్పటికీ ఫోన్‌లో ఉంది. పాతదాని అంచుల వెంట కుట్టు విప్పిన సూది రంధ్రాలు వరసగా కనిపిస్తాయి. కొత్తది నున్నగా ఉంటుంది.

ఎర్రరంగు దిగే మంజిష్ఠ వేరు మరిగించి, మెరుపు తగ్గడానికి కాస్త టీ డికాక్షన్ కలిపి ముక్కను ముంచింది. బాల్కనీలో నీడన ఆరేసింది. మధ్యాహ్నానికి ఆరింది. రంగు చూపిద్దామని రెండు ముక్కలూ ఒకే చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“రంగు మంచిగ కలిసిందా, సూడండి,” అని, తనే వాటివంక చూస్తూ ఆగిపోయింది. “ఏమండీ, వీటిల అవ్వది ఏది?”

నాకు నవ్వొచ్చింది. రంధ్రాలున్నది పాతదని చెప్పబోయాను. రెండింటికీ ఉన్నాయి. ఒక కొసన మడత కుట్టినచోట ఏటవాలుగా దిగిన రంధ్రాలు కూడా రెండింటికీ ఉన్నాయి. రెండూ ఒకేలా వెలిసిపోయాయి. ముట్టుకుంటే రెండూ పట్టులాగే ఉన్నాయి.

మొదట నీళ్లను అనుమానించాను. మా బోరు నీళ్లలో ఏ ఫ్యాక్టరీది ఏం కలిసిందో ఎవరికీ తెలియదు. కానీ సునంద వాడింది క్యాను నీళ్లు. అయినా నీళ్లు రంగు మారుస్తాయి గానీ సూది పట్టుకుని పొడవవు కదా. చుట్టలో మిగిలిన అంచు చూశాం. అది మామూలుగానే ఉంది.

ఒక్క పోగు లాగి కాలిస్తే తేలిపోతుంది. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, నూలైతే కాగితం కాలినట్టుంటుంది. సునంద ఒప్పుకోలేదు. “ఆ పోగు అవ్వ దాంట్లకెళ్లి వస్తే?” అంది. ఆ ముసలామె తమ్ముడి గుర్తు తీసుకుని, బదులుగా బజారు సరుకు చేతిలో పెడతామేమోనని సునంద దిగులు. రెండు రోజులు సరిగా తినలేదు. చివరికి రెండూ తీసుకెళ్లి, జరిగింది చెప్పి, రాజేశ్వరమ్మనే గుర్తుపట్టమని అడుగుదామనుకున్నాం.

రాజేశ్వరమ్మ అరుగు మీద కూర్చుని పప్పు చెరుగుతోంది. సునంద నోరు తెరిచేలోపే రెండు ముక్కలూ అందుకుని, ఒడిలో పక్కపక్కన పరిచింది. చాలాసేపు వేళ్లతో తడిమింది.

“ఇది కుడి చేతిది. ఇది ఎడమ చేతిది,” అంది.

వంగి చూశాను. ఏటవాలు రంధ్రాలు ఒకదాంట్లో ఇటు వాలితే, రెండోదాంట్లో అటు వాలాయి. రెండు రోజులు చూస్తూ కూడా మేమిద్దరం దాన్ని గమనించలేదు.

“ఎడమ చేతిది మా తమ్మునితోనే మట్టిల పెట్టిన్రు. యాడ దొరికింది బిడ్డా?”

“దొరకలే అవ్వా. నేనే అద్దిన,” అంది సునంద.

“నువ్వు అద్దితే మరి సూది ఎవలు వెట్టిన్రు?” అని నవ్వింది పెద్దావిడ. ఒక అడుగు వెనక్కి వేసిన నన్ను చూసి, “ఏంది సారూ, లేనిదాన్ని ఉన్నట్టు రాసెటోళ్లు, ఉన్నదాన్ని సూసి గిట్ల బుగులువడ్తరా?” అంది. రెండింటినీ కలిపి మడిచి, కొంగున ముడేసుకుంది.

ఆ తర్వాత సునంద అదే చుట్టలోంచి, అదే వేరుతో, అదే గిన్నెలో మళ్లీ అద్దింది. సీరియల్ షేర్వాణీకి ఆ అంచే కుట్టారు. దానికి ఒక్క రంధ్రం కూడా లేదు.

మొదటిసారి మా బాల్కనీలో ఆరింది ఏమిటో నాకు తెలియదు. సునందను అడిగితే, అవ్వది అవ్వకు చేరింది కదా అంటుంది.