మునిగిన చేలో లకుముకి పిట్ట

సునామీకి మా దీవిలో నేల కుంగి ఊరి చివర వరిచేలలోకి వచ్చిన సముద్రం మళ్ళీ వెనక్కి పోలేదు. ఇప్పుడక్కడికి ఎక్కడెక్కడి పిట్టలో వస్తాయి. ఆదివారం పొద్దున్నే బైనాక్యులర్ తగిలించుకుని వెళ్తాను. అదో సిగ్గులేని హాయి.

ఆ చేలలో ఒకటి మా బడిలో పక్క క్లాసు మాస్టారిది. ఆయనకు మాత్రం చేపలకు జంగ్లీఘాట్ బజారుకు వెళ్ళానని చెబుతాను.

నిన్న టీ తాగుతూ ఆయనే అడిగారు. “దీదీ, పిట్టల్ని చూడ్డానికి వెళ్తన్నారంట కదా. నీళ్ళలో మా కొబ్బరి మోళ్ళుంటాయి. వాటి మీద ఏవైనా వాలతన్నాయా?”

“లకుముకి పిట్ట వాలుతుంది,” అన్నాను.

“అచ్ఛా. మా నాన్న పెట్టిన చెట్లవి,” అని నవ్వారు.

పోయిన వానల్లో వాటిలో ఒకటి కూలిపోయింది. ఆ రోజు నేను బాధపడ్డది పిట్ట కోసం.