నాగావళిలో నేను కనిపెట్టిన ప్లాటిపస్

నాగావళి నదిలో ప్లాటిపస్‌ను చూసిన మొదటి మనిషిని నేనే. ఆఖరి మనిషిని కూడా నేనే. ఈ ఘనకార్యంలో ప్రాణాలు పోయింది బాతులకి, పరువు పోయింది నాకు. మా అత్త మాత్రం బాతుల గురించే బాధపడుతుంది.

అరవై ఎనిమిదిలో శ్రీకాకుళంలో బియస్సీ చదువుతున్నాను. ఒకరోజు జువాలజీ మేస్టారు బోర్డు మీద ఒక జంతువును గీశారు. ఒంటినిండా బొచ్చు, మూతికి బాతుముక్కు. గుడ్లు పెడుతుందిట, పిల్లలకు పాలూ ఇస్తుందిట. బ్రహ్మదేవుడు పని ముగించి, మిగిలిన సామానుతో సరిపెట్టేసినట్టుంది.

"ఈ ప్లాటిపస్ ఆస్ట్రేలియాలో తప్ప ఎక్కడా ఉండదు" అన్నారు మేస్టారు.

మన జిల్లాలో సరిగ్గా వెతికి ఉండరనుకున్నాను.

డిసెంబరు సెలవులకు నది ఒడ్డునున్న మా సూరమ్మత్త ఇంటికి వెళ్ళాను. ఆవిడ ప్రాణమంతా ఎనిమిది బాతుల మీదే. నేను వెళ్ళేసరికి ఆరున్నాయి.

"ఒరే, రోజుకొకటి మాయమైపోతన్నాది. జంతువుల సదువు సదువుతన్నావు కదా, కాపలా కాసి సంగతేటో సూడు" అంది.

మర్నాడు పొద్దున్నే కర్ర పట్టుకుని రెల్లుపొదల్లో కూర్చున్నాను. ఒకటే మంచు. నీళ్ళమీద ఏదో కదిలింది. ముందు బాతుముక్కు, వెనక గోధుమరంగు బొచ్చు, చివర లావుపాటి తోక! మీరైతే ఏం చేసేవారో గాని, నేను కర్ర కిందపెట్టి నమస్కారం చేశాను.

ఇంటికొచ్చేసరికి బాతుల దొంగను పట్టడానికి అత్త వల సర్దుతోంది.

"వద్దత్తా! దాన్ని తాకకూడదు. గుడ్లెట్టి, పాలు కూడా ఇస్తాది!"

"పాలిస్తాదా? ఐతే సెంబు తెస్తాను, పితుకు."

"నవ్వకు. రేపు దానికి నా పేరెడతారు."

"నీ పేరెట్టించుకోడానికి అదేం పాపం సేసిందిరా? నా బాతులేవీ?"

"ఎటో షికారుకెళ్ళుంటాయి, వస్తాయిలే."

వల తీసుకెళ్ళి అటక మీద దాచేశాను. మేస్టారికి కార్డు రాశాను. మర్నాడు ఆ జంతువు ముక్కు లేకుండా కనబడింది. ఇది పిల్ల, ముక్కు ఇంకా మొలవలేదని తేల్చేశాను. అంత చదువు చదివానండీ.

మేస్టారు గొడుగుతో, జలుబుతో దిగేసరికి బాతులు రెండే మిగిలాయి. ముగ్గురం పొదల్లో నక్కాం. మంచులోంచి ముక్కూ, బొచ్చూ, తోకా వరసగా వచ్చాయి. మేస్టారు కళ్ళజోడు తుడుచుకుని ముందుకు వంగారు. 

అప్పుడే ఆయన తుమ్మారు.

జంతువు అదిరిపడింది. దాని ముక్కు ఊడి నీళ్ళలో పడింది. బొచ్చూ తోకా బుడుంగున మునిగిపోయాయి. ముక్కు మాత్రం తేలి, రెక్కలు విదిలించుకుని, క్వాక్‌మంటూ అత్త వైపు ఈదుకొచ్చింది.

మేస్టారు చేతిరుమాలుతో ముక్కు తుడుచుకున్నారు.

"ఏమోయ్, నీ ప్లాటిపస్ ముక్కు ఇంటికెళ్ళిపోతోంది" అన్నారు.

అత్త బాతును గుండెకు హత్తుకుంది. "బాతుల్ని తినే నీటికుక్కరా అది, సచ్చినోడా! నువ్వు దానికి కాపలా కాసినావురా!"

ఆ తడిసిన బాతు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఏ జంతువు కనబడినా, ఒంటికున్నదేదో నోట్లో ఉన్నదేదో విడివిడిగా చూస్తేగాని పేరు పెట్టను. ముఖ్యంగా నా పేరు.