నేను కొట్టేయించిన పాఠం

ప్రొద్దుటూరులో ఒక డిగ్రీ కాలేజీ ఉంది. అందులో పెట్టుబడుల గురించి, ఫైనాన్సు గురించి మూడేళ్ల చదువు చెబుతారు. ఆ చదువులో ఒక పాఠం లేదు. ఉండాల్సిన చోట ఖాళీ కూడా కనపడదు. దాన్ని కొట్టేసి, కింద ఉన్నదాన్ని పైకి జరిపి, నీటుగా అచ్చు వేయించారు. కొట్టేయమని చెప్పింది నేను.

ఇరవై ఆరేళ్లుగా ఒక తప్పును మోస్తున్నాను. ఆరేళ్ల కింద దాని మీద ఇంకొకటి ఎత్తుకున్నాను. మొదటిది మోసి మోసి అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే, కొన్ని నెలలు అది గుర్తుకే వచ్చేది కాదు. రెండోది అలా ఊరుకోలేదు. అది ఒక పిల్ల రూపంలో మా ఇంటి గడప ఎక్కి, నా చేతి అన్నం తిని, నా ఎదురుగా కూర్చుని ఏడ్చింది.

నేను ఐదో తరగతి దాటలేదు. అక్షరాలు కూడబలుక్కుని రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకో. నా పేరు చెప్పను. మిగతా వాళ్ల పేర్లూ మార్చాను. నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు చెప్పగలుగుతున్నానేమో. తెలిసిన ముఖం చూస్తూ చెప్పాలంటే ఇంతవరకు నోరు పెగల్లేదు.

చదువు లేకపోయినా దేవుడు నాకు జ్ఞాపకం దండిగా ఇచ్చాడు. మాది పులివెందుల పక్క గొర్రెలు మేపుకునే ఇల్లు. ఏ గొర్రె ఏ వానకు ఈనిందో, పిల్ల ఏ రంగో, దాన్ని ఎవరి పెళ్లికి కోశారో ఇప్పటికీ చెప్పగలను. మా ప్రొద్దుటూరు ఇంటి మిద్దె మీది గదిలో సుజాత మేడం బాడుగకు దిగినప్పుడు, ఆమెకు నాలో నచ్చింది కూడా అదే. ఆమె ఆ కాలేజీలో కామర్సు చెప్పేది. సాయంత్రం కాలేజీ నుంచి రాగానే మెట్ల మీద కూర్చుని, "అవ్వా, ఒక కథ చెప్పు" అనేది. నేను చెప్పేదాన్ని. కథలనుకుని చెప్పాను. ఆమె నోటు బుక్కులో రాసుకుంటోందని చాలా రోజులకు గాని చూసుకోలేదు.

కాలేజీలో కొత్త డిగ్రీ పెడుతున్నారట. ఏ సెమిస్టర్‌లో ఏ పాఠం ఉండాలో రాసే పని మేడం మీద పడింది. మెట్ల మీద పెద్ద పెద్ద కాగితాలు పరిచి, గళ్లు గీసి, నాకు చదివి వినిపించేది. షేర్లు, బీమా, బ్యాంకులు, పన్నులు. నేను ఊఁ కొట్టేదాన్ని. ఒకరోజు ఆమె పెన్ను పక్కన పెట్టి, పుస్తకాలన్నీ బొంబాయి షేర్ బజారు గురించే చెబుతున్నాయని, కాలేజీ పిల్లలేమో ఎర్రగుంట్ల సిమెంటు లారీల ఇళ్లలో నుంచి, పులివెందుల చీనీ బత్తాయి తోటల్లో నుంచి వస్తారని, వాళ్ల ఇళ్లలో వందేళ్ల నుంచి జరుగుతున్న పెట్టుబడి మాట ఏ పుస్తకంలోనూ లేదని బాధపడింది. అందుకని నాలుగో సెమిస్టర్‌లో ఒక పేపరు మన ప్రాంతపు పద్ధతుల మీద పెడతానంది. బంగారం ఒక పాఠం. చీటీలు ఒక పాఠం. చీనీ తోటలు గుత్తకు ఇవ్వడం ఒకటి. నాలుగోది గొర్రెలను పాలికి ఇవ్వడం.

ఆ నాలుగోది చెప్పడానికి నన్ను రమ్మంది. కాలేజీకి. మీటింగుకి.

అక్కడికి వెళ్లకముందు, పాలి సంగతి, దాంట్లో నా సంగతి నీకు చెప్పాలి. ఒకరికి గొర్రెలుంటాయి, మేపే మనిషి ఉండడు. ఇంకొకరికి మేపే ఒళ్లుంటుంది, గొర్రెలుండవు. మొదటివాళ్లు రెండోవాళ్లకు గొర్రెలను అప్పజెబుతారు. పుట్టిన పిల్లల్లో చెరి సగం. కాగితం ఉండదు. ప్రతి ఇంటికీ ఒక చెవి గురుతు ఉంటుంది. కొన కోసినవాళ్లు ఒకరు, పక్కన గాటు పెట్టినవాళ్లు ఒకరు. గొర్రె రోగంతో చస్తే, మేపేవాళ్లు ఆ చెవి కోసి తెచ్చి, ఇచ్చినవాళ్లకు చూపించాలి. చూపిస్తే ఆ నష్టం ఇద్దరిదీ. మేపినవాళ్లను ఇంకెవరూ ఒక్క మాట అనరు.

జమ్మలమడుగు దగ్గర లక్ష్మక్క అని ఉంది. మొగుడు పోయి, పిల్లలతో, కొంచెం సేద్యంతో ఉండేది. పుట్టింటివాళ్లు ఇచ్చిన గొర్రెలను మాకు పాలికిచ్చింది. వాళ్ల గురుతు ఎడమ చెవి మీద రెండు గాట్లు. ఆ ఏడు మేము ప్రొద్దుటూరులో ఈ ఇల్లు కట్టుకుంటున్నాం. గోడలు లేచాయి, స్లాబు దగ్గర ఆగిపోయింది. వానాకాలం ముందుకొస్తోంది. ఆ ఏడే మందల్లో నీలినాలుక రోగం తిరిగింది. మా మందలో రెండు నిజంగానే చచ్చాయి, అవి మావి. లక్ష్మక్కవి నాలుగు, నిక్షేపంగా ఉన్నవాటిని, మా ఆయన కటిక అంగడికి తోలుకుపోయాడు.

తోలుకుపోయింది ఆయన. చెవులు అడిగి తెచ్చుకోమని చెప్పింది నేను. ఆయనకు ఆ ఆలోచనే లేదు. ఆయన ఇప్పుడు లేడు, కాబట్టి ఆయన మీదికి నెట్టడం సులువు. చాలా ఏళ్లు మనసులో అదే పని చేశాను. ఆడదాన్ని, మొగుడు అమ్ముకొస్తే ఏం చేయగలను అని. కానీ ఆ నాలుగు చెవులను తడిగుడ్డలో చుట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కిన కాళ్లు ఎవరివి?

లక్ష్మక్క గుడ్డ విప్పి చూసింది. ఒక్కసారే చూసింది. తర్వాత నా ముఖం చూసి, "ఏమ్మే, ఇట్ల పీక్కపోయినావు. పోయినవి పోనీలే. నీ చేత్తో పెంచింటివి, నాకంటే నీకే శానా కష్టం" అని, నాకు సంగటి పెట్టింది. తిన్నాను. ఆకలిగా ఉంది, బాగా తిన్నాను. దీనికి మాత్రం ఎందుకో నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేను. కనీసం ఆ ముద్ద గొంతులో అడ్డం పడి ఉండాల్సింది కదా? పడలేదు.

ఇక మీటింగు సంగతి. పొడవాటి బల్ల. నాకు కూడా కుర్చీ వేసి, టీ, బిస్కెట్లు పెట్టారు. బంగారు అంగడి సుబ్బయ్య వచ్చాడు, చీటీలు వేసే రమణమ్మ వచ్చింది, చీనీ తోటలున్న ఆయన ఒకరు, కాలేజీ సార్లు ముగ్గురు. మేడం ప్రతి పాఠానికీ చివర ఒక హెడింగు పెట్టింది. నష్టం ఎక్కడ వస్తుంది, మోసం ఎక్కడ జరుగుతుంది అని. మంచి చెప్పి ఊరుకుంటే అది పాఠం కాదు, ప్రకటన అవుతుంది అంది. సుబ్బయ్య తన వంతు చెప్పాడు. రమణమ్మ తన చీటీ ఒకటి ఎలా మునిగిందో దాచుకోకుండా చెప్పింది. మొదటి పాటకే డబ్బు ఎత్తుకుని ఊరు వదిలిపోయిన మనిషిని నమ్మడం తన తప్పేనని అందరి ముందు ఒప్పుకుంది. తర్వాత నా వంతు.

పాలి పద్ధతంతా చెప్పాను. బాగా చెప్పాను. సార్లు రాసుకున్నారు. చెవి మాట రాగానే సుబ్బయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"అయితే యమ్మా, బతికుండే గొర్రెను అమ్ముకోని, చెవి తెచ్చి సూపిస్తే? ఎవురికి తెలుస్తాది?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నోరు దానంతటదే పలికింది.

"ఏంది సుబ్బయ్యప్పా, నువ్వు బంగారంలో రాగి ఎంత కలుపుతాండావో ముందు ఆ బోర్డు మింద రాయి. ఆ పక్కనే నేను సెవులు కోసేది రాస్తా."

బల్ల చుట్టూ అందరూ పగలబడి నవ్వారు. సుబ్బయ్య కూడా నవ్వి, "నీతో పెట్టుకుంటే నా అంగడి మూసుకోవాల్సిందేలే తల్లీ" అని చేతులు జోడించాడు. నవ్వులు తగ్గాక మేడం కాగితం మీద వేలు పెట్టి నన్ను అడిగింది.

"అవ్వా, నిజంగానే అడుగుతున్నా. దీని కింద మోసం అని హెడింగు ఉంది. ఏం రాయమంటావు?"

"ఏమీ రాయొద్దు మేడమ్మా. గొర్రెలోళ్లలో అది ల్యా. కొట్టేయండి."

ఆమె కొట్టేసింది. ఒకే గీత. నేను చూస్తూ ఉన్నాను.

అప్పుడు నాకేమనిపించిందో చెప్పమంటావా? గర్వం. మా వాళ్ల పరువు నిలబెట్టాననుకున్నాను. చదువుకున్న సార్ల ముందు, బంగారు అంగడి మనిషి ముందు, గొర్రెలు కాసేవాళ్లు అబద్ధమాడరని చెప్పి వచ్చాననుకున్నాను. నా దొంగతనాన్ని మా వాళ్లందరి మంచితనం వెనక దాచానని ఆరోజు తెలియలేదా? తెలుసు. ఎక్కడో తెలుసు. అంత గట్టిగా ఎందుకు మాట్లాడానో, అంత త్వరగా ఎందుకు నవ్వించానో ఇంకెవరికి తెలుస్తుంది?

మరుసటి ఏడాది లక్ష్మక్క మనవరాలు భార్గవి ఆ డిగ్రీలోనే చేరింది. నాలుగో సెమిస్టర్‌లో ఆ పాఠం వచ్చినప్పుడు, ప్రాజెక్టు రాసుకోవాలని మా ఇంటికి వచ్చింది. "మా జేజి మిమ్మల్ని అడిగినట్టు చెప్పమనింది" అంది గడపలోనే. అచ్చు వేసిన పాఠం నాకు చదివి వినిపించింది. గురుతు ఉన్న చెవే సాక్ష్యమని, అందువల్ల ఈ పద్ధతిలో నమ్మకం దెబ్బతినదని ఉంది అందులో. నా మాటే, కొంచెం పెద్ద మాటల్లో. ఆ పిల్ల వారం రోజులు వచ్చింది. పప్పు, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి చేసి పెట్టాను. ఒక్కరోజైనా చెప్పి ఉండొచ్చు. వింటున్నది లక్ష్మక్క మనవరాలు. ఎలా చెప్పాలి? ఆ పేపరులో భార్గవికి అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. మిఠాయి తెచ్చి నా నోట్లో పెట్టింది.

పోయిన ఏడు చక్రాయపేట పక్క షెడ్లు వేశామని ఒక కంపెనీ తిరిగింది. మీరు డబ్బు కట్టండి, మీ పేరు మీద గొర్రెలు కొని మేమే మేపుతాం, పిల్లల్లో సగం మీకు. ప్రతి గొర్రె చెవికీ పసుపు బిళ్ల, దాని మీద నంబరు. గొర్రె చస్తే ఆ చెవిని ఫోటో తీసి ఫోనుకు పంపుతారు. లక్ష్మక్క చేను అమ్మిన డబ్బు బ్యాంకులో ఉంది. పెట్టొచ్చా అని ఆమె మనవరాలిని అడిగింది. ఇంట్లో చదువుకున్నది ఆ పిల్లే. భార్గవి కంపెనీ కాగితాలన్నీ చదివింది. చదివి, ఇది మన పాలి పద్ధతే జేజీ, చెవి చూపిస్తారు, భయం లేదు అంది.

లక్ష్మక్క డబ్బు కట్టేసింది. ఆరు నెలలు బాగానే నడిచింది. తర్వాత చెవుల ఫోటోలు రావడం మొదలైంది. మొదట రెండు. తర్వాత ఒకే రోజు ఇరవై. చివరికి ఫోనులు ఎత్తలేదు. లక్ష్మక్క ఇంటివాళ్లు బస్సెక్కి పోయి చూస్తే షెడ్డు ఉంది, లోపల గడ్డి కూడా లేదు. వచ్చిన ఫోటోలన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే, ఒకే చెవిని బిళ్లలు మార్చి నాలుగు పక్కల నుంచి తీసినట్టు తేలింది.

భార్గవి నా దగ్గరికి వచ్చింది. ఎందుకు నా దగ్గరికే? ఇంట్లో జేజి ముఖం చూడలేక వచ్చానంది. లక్ష్మక్క ఆ పిల్లను తిట్టనే లేదట. పోయినవి పోనీలే అందట.

"అందరికంటే నాకే మార్కులొచ్చిండె గదా అవ్వా. నాకే తెలీకపాయ. మా జేజి నన్ను నమ్మింది. నాకు బుర్ర ల్యా."

తల నిమిరాను. ఊరుకోమ్మా అన్నాను. అంతే అన్నాను. ఆ పిల్లకు బెంగళూరులో ఉద్యోగం వచ్చి ఉంది, అదే డబ్బు సలహాలు చెప్పే పని. పోలేదు. ఇంకొకరి దుడ్ల గురించి నేను నోరెత్తను అంది. ఇప్పుడు మెయిన్ బజారులో ఒక బట్టల అంగట్లో బిల్లులు వేస్తోంది. అటువైపు వెళ్లాల్సి వస్తే నేను పక్క సందులో నుంచి పోతున్నాను.

కంపెనీవాళ్లు దొంగలు, ఆ పాపం వాళ్లదే, నాకు తెలుసు. నేను పాఠం చెప్పి ఉంటే ఆ డబ్బు నిలిచేదేనా అంటే, ఏమో. చదువుకున్నవాళ్లు కూడా తెలిసి తెలిసి మోసపోతారు. ఇలా చాలా సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ హెడింగు కింద రెండు ముక్కలు ఉండి ఉంటే, ఒక ఆడమనిషి బతికున్న గొర్రెల చెవులు తెచ్చి చూపించింది అని ఉండి ఉంటే, ఆ పిల్ల ఆ ఫోటోలను ఇంకోలా చూసేది. కనీసం ఆగి ఒక ప్రశ్న అడిగేది. ఆ ప్రశ్న నా దగ్గర ఉండిపోయింది.

పోయిన వారం మేడం మిద్దె దిగి వచ్చింది. సిలబస్ మళ్లీ రాస్తున్నారట. షేర్ల పాఠాలు చాలా మారుస్తున్నామంది. "నీ పాఠం మాత్రం ముట్టుకోం అవ్వా, అది అందరికీ నచ్చింది" అంది. నవ్వాను. ఆమె మెట్లెక్కి వెళ్లిపోయాక ఈ కాగితాలు తీసుకున్నాను.

ఇవి మేడంకు ఇస్తానా? ఆమెకు ఇస్తే భార్గవికి తెలుస్తుంది, భార్గవికి తెలిస్తే లక్ష్మక్కకు తెలుస్తుంది. లక్ష్మక్క తిడితే పడగలను. తిట్టకుండా అన్నం తిన్నావా అని అడిగితే ఏం చేయాలో నాకు తెలియడం లేదు.

నాలుగు రోజుల నుంచి ఒకే మాట వంటింట్లో నాలో నేను అనుకుని చూస్తున్నాను. ఇక్కడ రాస్తాను. భార్గవీ, నీకు బుర్ర లేక కాదమ్మా. నీకు ఆ పాఠం ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిందాన్ని నేను, తెలిసే చెప్పలేదు.

రాయగలిగాను. నోటితో ఇంకా అనలేదు. అంటానని నీకు మాట ఇవ్వను, నా మాట విలువెంతో నీకు ఇప్పుడు తెలుసు. నన్ను మంచిదాన్ని అనమని కూడా అడగను. ఇన్నేళ్లూ ఇది నాలో ఒక్కదానిలోనే ఉండేది. ఇప్పుడు నీ దగ్గర కూడా ఉంది. అంతమాత్రానికే ఊపిరి కొంచెం కిందిదాకా దిగుతోంది. చెయ్యి నొప్పిగా ఉంది. కాసేపు ఒరుగుతాను.