పగడం ఉంగరం, సగం పుట్టినరోజు

నా వేలి పగడం ఉంగరం ఇప్పుడు సబ్బు రాసినా రాదు. మొన్న బేనిషా మామిడిపండ్లు పిసికి రసం తీస్తుంటే పగడం చుట్టూ గుజ్జు చేరింది. పాత బ్రష్షుతో రుద్దుతుంటే ఆ తీపి వాసనకు నంద్యాలలో మా వీధి, డెబ్బైల నాటి ఒక ఎండాకాలం లేచి వచ్చాయి.

ఆ ఉంగరాన్ని నా పుట్టినరోజుకు మా అవ్వ, అంటే అమ్మ వాళ్లమ్మ, ఆళ్లగడ్డ నుంచి ఎర్రబస్సులో కొంగున ముడివేసుకుని తెచ్చింది. మంగళవారం పుట్టాను కాబట్టి నేను మొండిదాన్ననీ, పగడం పెడితే మెత్తబడతాననీ ఆమె నమ్మకం. తన దండలోంచే ఒక పగడం తీసి కంసాలి ఆచారి చేత చేయించింది. తొడిగితే అది నా వేలికి వేలాడింది. అమ్మ గొణిగింది.

"ఎదిగే పిల్లకు కొలతకు చేపిస్తే ఎన్నాళ్లొస్తాదే? పెండ్లయినాంక గూడా ఏసుకోవల్ల," అంది అవ్వ. చివరికి దారం చుట్టి, ఉంగరానికే నన్ను తగిలించినట్టు తొడిగారు.

అప్పట్లో పుట్టినరోజంటే కేకు కాదు, ఓళిగలు, అవే బొబ్బట్లు. ఉడికిన శనగపప్పు, బెల్లం, యాలకులు కలిపి రోట్లో రుబ్బుతుంటే వీధి చివర కుక్క కూడా మా గడప దగ్గరికొచ్చి కూర్చునేది. ఆ రోజు పూర్ణం ఉండలు చేసే పని పుట్టినరోజు పిల్లనని నాకే ఇచ్చారు. పెనం మీద ఆఖరి ఓళిగ కాలాక చూసుకుంటే వేలు బోడిగా ఉంది.

అమ్మ పళ్లెంలో ఉన్న ఓళిగలన్నీ తుంచేసింది. నాయన మాత్రం ఒకదాని తర్వాత ఒకటి నోట్లో వేసుకుంటూ, "ఎతుకుతాండా గదనే!" అన్నాడు. అవ్వ మెడలోని దండను ఒకసారి తడుముకుంది, అంతే. సాయంత్రం బస్సుకు ఆమె ఆళ్లగడ్డ పోవాలి.

పిట్టగోడ అవతల టీచరమ్మ ఇంటికి పంపిన ఓళిగలు గుర్తొచ్చి పరిగెత్తాను. "ఎవురూ తినొద్దంట!"

"ఏందీ పాపా, పెట్టినట్టే పెట్టి తినొద్దంటావు?" అంటూ టీచరమ్మ నవ్వింది.

నులకమంచం మీద ఆమె అత్త సారమ్మవ్వ కూర్చుని ఉంది. నోట్లో పండ్లు లేవు కాబట్టి ఓళిగను మామిడి రసంలో నానబెట్టుకుని జుర్రుకుంటోంది. ఆమె చిటికెన వేలికి నా ఉంగరం, కొలత తీసి చేసినట్టు!

"నా గిన్నెలో దొరికె. పండ్లుంటే ఈపాటికి ఒగటి ఇరిగిపోయుండు," అని, నా వెనకే వచ్చిన అవ్వను చూసి, "ఇదేం రాయక్కా?" అని అడిగింది.

"మంగళారం పుట్టినోళ్లది. నువ్వు యావారం?"

"మా ఇండ్లల్లో అయ్యన్నీ సూడరులేక్కా. అయినా దినమే తెల్దు. కరువులో పుట్టినానంట. మాయమ్మకు గంజి యాడ దొరికిందో గుర్తుండె గానీ, నేను పుట్టిన దినం గుర్తులేకపాయ."

అవ్వ మంచం మీద ఆమె పక్కనే కూర్చుంది. "అయితే ఈ పొద్దే నీది గూడా. ఎండాకాలం పొద్దు, పెద్దది. ఇద్దరికీ సరిపోతాది."

"నాది!" అని నేను ఏడుపు లంకించుకున్నాను. పగడం ఇంకా పనిచేయడం మొదలుపెట్టలేదని పిట్టగోడ మీంచి చూస్తున్న నాయన అన్నాడు.

అప్పట్నుంచి ప్రతి ఏడూ ఆ రోజు మా ఇద్దరిదీ అయింది. పొద్దున్నే ఓళిగలతో పాటు ఉంగరం కూడా పిట్టగోడ దాటేది. సారమ్మవ్వ దాన్ని పెట్టుకుని, కనబడినవాళ్లకల్లా చెయ్యి చాపి, "ఈ పొద్దు నేను పుట్టినానప్పా!" అని చెప్పి, దీపాలవేళకు తెచ్చి నా వేలికి తొడిగేది. ఆ వేళకు నా సగం మొదలైనట్టు లెక్క.

ఇప్పుడు ఆ పిట్టగోడ స్థానంలో మనిషెత్తు కాంపౌండు గోడ లేచింది. ఇద్దరు అవ్వలూ లేరు. పుట్టినరోజు మొత్తం నాకే మిగిలింది. ఎండాకాలం పొద్దు కదా, ఒక్కదానికి చాలా పెద్దది.