ఒక కాలికి స్ప్రింగు బూటు

మా బాబాయ్ స్వయంగా పరీక్షించనిదే దేన్నీ బాగుందనీ అనడు, బాలేదనీ అనడు. పెళ్లయిన కొత్తలో కూర ఎలా ఉందని పిన్ని అడిగితే, రేపు కూడా ఇదే చెయ్యి, పోల్చి చూసి చెప్తానన్నాడట. ముప్ఫై ఏళ్లయింది, పిన్ని మళ్లీ అడగలేదు.

ఉద్యోగం కూడా దానికి తగ్గదే దొరికింది. తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరు. పగలంతా కొట్లవాళ్ల త్రాసులు పరీక్షించి, సాయంత్రం ఇంటికొచ్చి మమ్మల్ని పరీక్షించేవాడు. ఓసారి గొడుగు కొన్నాడు. దాన్ని వేసుకుని స్నానాలగదిలో షవరు కింద గంటసేపు నిలబడి, యాభయ్యో నిమిషంలో రెండు చుక్కలు కారాయని తేల్చాడు. పరుపు కొనడానికి వెళ్లి కొట్లోనే పడుకుని గుర్రుపెట్టాడు. ఆ గుర్రు విని ముగ్గురు అదే రకం పరుపు కొనుక్కుపోయారు. బాబాయ్ మాత్రం లేచి దుమ్ము దులుపుకుని, ఇంకో రెండు కొట్లు చూడాలని వచ్చేశాడు.

అలాంటి మనిషిని, బుద్ధి గడ్డితిని, నేను స్ప్రింగు బూట్ల సంగతి అడిగాను.

అప్పట్లో నేను అగ్నిమాపక దళంలో ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కాను. పరుగు మిగిలింది. పదహారు వందల మీటర్లు ఆరున్నర నిమిషాల్లో పరిగెత్తాలి. నాకేమో ఏడు దాటుతోంది. వయసు లెక్కన అదే ఆఖరి అవకాశం. బూట్ల కొట్లో మడమ కింద స్ప్రింగులున్న జత చూశాను. వేసుకుంటే నేలే మనల్ని ముందుకి తోస్తుందని కొట్టతను చెప్పాడు. కొనమంటావా బాబాయ్ అని అడిగాను.

"పరీక్షించాలి. నెల టైముందిగా," అన్నాడు.

మర్నాడు తన కొలతకి ఓ జత తెచ్చుకున్నాడు. ఒక కాలికి స్ప్రింగు బూటు, రెండో కాలికి పాత కాన్వాసు బూటు తొడిగాడు. రెండూ స్ప్రింగువే అయితే దేంతో పోలుస్తామని నన్నే ఎదురడిగాడు. స్ప్రింగు బూటు రెండు వేళ్ల ఎత్తు ఎక్కువ. దాంతో మనిషి ఓ పక్కకి ఒరిగి, లేస్తూ పడుతూ, ఊగే పడవలో నడుస్తున్నట్టుండేవాడు. న్యాయం కోసం రోజు మార్చి రోజు కాలు మార్చేవాడు. ఆఫీసుకీ అదే అవతారం. వీధిలో పిన్ని పది అడుగులు వెనకపడి, అడిగినవాళ్లకి ఆయన పక్కింటాయనని చెప్పేది. తనిఖీ అయ్యాక ఓ కొట్టాయన, ఇన్నాళ్లకి నా త్రాసు నిలబడింది, ఇన్‌స్పెక్టరుగారే ఒరిగారు అన్నాడట.

ఇందులో నాకూ ఓ పని తగిలింది. స్ప్రింగు ప్రతాపం తేలాలంటే, పక్కన స్ప్రింగు లేనివాడొకడు పరిగెత్తాలట. ఆ లేనివాణ్ని నేను. రోజూ పొద్దున్నే ఐదున్నరకి తలుపు కొట్టేవాడు. జ్వరంగా ఉందంటే థర్మామీటరు తెచ్చేవాడు. మైదానంలో యాభై నాలుగేళ్ల మనిషి ఒరిగొరిగి నా పక్కనే పరిగెత్తుతుంటే, నడకకొచ్చినవాళ్లు నడక మానేసి చూసేవారు. ఆ సిగ్గుకి నేను ముందుకి పారిపోయేవాణ్ని. తను మధ్యలోనే ఆగిపోయి, నా చుట్లు పూర్తయ్యేసరికి గడియారం పట్టుకుని గీత దగ్గర నిలబడి, నా టైం మాత్రం చదివేవాడు.

ఏమైనా తేలిందా అని వారానికోసారి అడిగేవాణ్ని. ఇంకా లేదు, తొందరపడి మాట జారకూడదు అనేవాడు. ఓ పొద్దున నాకు ఒళ్లు మండింది.

"నా బతుకు నీకు త్రాసులా కనిపిస్తోందా బాబాయ్?" అనేశాను.

బాబాయ్ వంగి లేసు బిగించుకుని, రేపు కూడా ఐదున్నరకే అని చెప్పి, ఊగుతూ వెళ్లిపోయాడు.

నెల గడిచింది, తీర్పు రాలేదు. పరుగు రోజున నాకు పాత బూట్లే గతయ్యాయి. బాబాయ్‌ని తిట్టుకుంటూనే మొదలుపెట్టాను, తిట్టుకుంటూనే గీత దాటాను. ఆరు నిమిషాల ఇరవై రెండు సెకన్లు. అక్కడి అధికారి చెప్పింది నమ్మలేక రెండుసార్లు చెప్పించుకున్నాను.

నేరుగా బాబాయ్ ఇంటికెళ్లి పిన్నికి చెప్పాను. స్ప్రింగులుంటే ఇంకా ముందొచ్చేవాణ్నని కూడా ఓ మాట కలిపాను. పిన్ని నన్ను జాలిగా చూసింది.

"అవి బరువు దండగని మీ బాబాయ్ నాలుగో రోజే తేల్చేశార్రా. నీకు చెప్తే మర్నాటినుంచి పరుక్కి రావని నా నోరు కట్టేశారు."

ఆ మిగిలిన రోజులన్నీ సాయంత్రమవగానే నడుముకి కాపడం పెట్టించుకున్నాడట. మూలిగితే పక్కింట్లో ఉన్న నాకు వినబడుతుందని తలగడ నోటికి అడ్డం పెట్టుకున్నాడట.

నేను వసారాలోకి వెళ్లాను. బాబాయ్ కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. రెండు కాళ్లకీ మామూలు చెప్పులున్నాయి.

"నాలుగో రోజే తేలిపోయిందటగా బాబాయ్?" అన్నాను.

పేపరు దించాడు. మొహంలో నిజంగానే నొచ్చుకున్న జాడ కనబడింది.

"నాలుగో రోజెక్కడరా? ఐదో రోజు. మీ పిన్నికి లెక్క ఎప్పుడు సరిగ్గా వచ్చింది గనక?"