తెర చాటున ఉగ్గు గిన్నె

కరోనా ఆంక్షలు సడలి, విమానాలు మళ్లీ కిటకిటలాడుతున్న ఏడాది అది. జెద్దా విమానాశ్రయంలో నేను గ్రౌండ్ స్టాఫ్‌ని. ప్రయాణికులను కౌంటర్ నుంచి విమానం తలుపు దాకా చేర్చడం మా పని. మాది కడప కాబట్టి, తెలుగువాళ్లకు ఏ చిక్కొచ్చినా "షమీమ్‌ను పిలవండి" అనేవారు.

ఆ మధ్యాహ్నం ఆడవాళ్ల సెక్యూరిటీ చెకింగ్ దగ్గర నుంచి పిలుపొచ్చింది. వెళ్లేసరికి సుజాత అనే అనంతపురం అమ్మాయి, చంకలో ఏడాది నిండని కొడుకు. భర్త జెద్దాలోనే ఏసీ మెకానిక్. తల్లీబిడ్డలు ఊరికి పోతున్నారు. బల్ల మీద వేడినీళ్ల ఫ్లాస్కు, పక్కన డబ్బాలో తెల్లటి పొడి. బియ్యం, పెసరపప్పు వేయించి పట్టిన ఉగ్గు పొడి అది. స్వాబ్ టెస్ట్, అంటే చిన్న గుడ్డముక్కతో తుడిచి పేలుడు పదార్థాల జాడ కోసం యంత్రంలో పెట్టి చూడడం, అదీ అయింది. ఏమీ దొరకలేదు. అయినా లేబుల్ లేని పొడిని వదలడానికి అక్కడి సౌదీ ఆఫీసరమ్మకు మనసొప్పలేదు.

"బిడ్డ తిండే అయితే ఇక్కడే కలిపి పెట్టమను" అంది అరబీలో.

నేను తెలుగులో చెప్పాను. సుజాత డబ్బా దగ్గరికి లాక్కుంది.

"పెట్టనక్కా."

పిల్లాడేమో ఆకలికి గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. బోర్డింగుకు చివరి పిలుపు వినబడుతోంది. కన్నతల్లే పెట్టనంటే ఎవరికి అనుమానం రాదు? ఆఫీసరమ్మ ముఖం బిగుసుకుంది. పై అధికారి కోసం ఫోను అందుకుంది. నాకు భయంతో పాటు ఒళ్లు మండింది.

"ఏం తల్లీ, విమానం పోగొట్టుకుంటావా? ఒక్క చెంచా పెడితే నీ సొమ్మేం పోతాది?"

"ఇంతమంది చూస్తాండారక్కా. ఈడే షరఫియా పేటలో ఒకరింట్లో అందరి ముందర పాలు తాపినా. ఆ పొద్దు నుంచి పాలు తాపితే కక్కుతాండాడు. ఈ ఉగ్గు ఒకటే కడుపులో నిలుస్తాది. దీనికీ దిష్టి తగిల్తే ఊరు చేరేదాకా వానికేం పెట్టేది?" అని ఏడ్చేసింది.

నేనూ పిల్లల్ని కన్నదాన్నే, ఇక తిట్టలేకపోయాను. యూనిఫాం వేసుకున్న మనిషికి దిష్టి గురించి చెబితే నవ్వుతుందేమోననిపించింది. ఏమైతే అదయిందని ఉన్నదున్నట్టు చెప్పేశాను. దిష్టిని అరబ్బులు 'ఐన్' అంటారు. ఆ మాటే వాడాను.

ఆమె ఫోను దించింది. దిష్టి తగలకుండా వాళ్లు అనే మాట, "మాషా అల్లాహ్" అంది మెల్లగా. తనిఖీ గది తెర లాగింది. "నువ్వు లోపలికి వెళ్లి చూసి నాకు నిజం చెప్పు. నీ మాట మీద పంపుతున్నాను."

తల్లీబిడ్డల వెంట లోపలికి వెళ్లాను. సుజాత చిన్న గిన్నెలో ఉగ్గు కలిపి, ముందు తానొక చెంచా తిని, తర్వాత కొడుక్కి పెట్టింది. వాడు గిన్నె ఖాళీ చేసేదాకా చూశాను.

"తిన్నాడు" అని బయటికొచ్చి చెప్పి, వాకీటాకీలో గేటు వాళ్లను బతిమాలి ఆపించాను.

అప్పటి నుంచి ఎవరైనా వద్దంటే, ఎందుకని అడిగాకే ఆ మాట అరబీలోకి మారుస్తున్నాను.

ఆ రోజు ఆఫీసరమ్మ డబ్బా తిరిగి ఇస్తుంటే పిల్లాడు చేయి చాపి ఆమె చొక్కా చేయి పట్టుకున్నాడు. ఆమె నవ్వింది. రోజంతా అందరినీ తేరిపార చూడడమే ఉద్యోగమైన ఆ మనిషి, వాడు కనుమరుగయ్యేదాకా ముఖం పక్కకు తిప్పుకునే నిలబడింది.