నిచ్చెనకు దండం

“ఇంకోసారి పెట్టాల్నా అమ్మా?”

“వద్దు భాయ్. లేచిండు గద, చాలు.”

ఫలక్‌నుమాలో రైలు దిగేముందు నేనూ, రైల్లో కలిసిన ఒక ముసలాయనా అనుకున్న ఆఖరి మాటలు ఇవే. ఆ ముసలాయన పేరు కూడా అడగలేదు. నాకు రాయడం రాదు, నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

మలక్‌పేటలో ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఫోన్‌లో పాత మూగ సినిమా చూస్తూ నవ్వుకుంటున్నాడు. నేను తొంగి చూస్తే ఫోన్ నా వైపు తిప్పాడు. మాటలు లేకపోయినా అంతా తెలుస్తూనే ఉంది. పొట్టి మీసం, నల్లటోపీ మనిషి నిచ్చెన ఎక్కాడు. అది జారింది. నేను కళ్లు మూసుకున్నాను. మా ఆయన ఇళ్లకు రంగులు వేసేవాడు. పోయినేడు ఛత్రినాకలో నిచ్చెన మీద నుంచి పడ్డాడు, మళ్లీ లేవలేదు.

“కండ్లు తెరువమ్మా, ఫికర్ చెయ్యకు. నా చిన్నప్పటి సంది గీయన పడుతనే ఉన్నడు, లేస్తనే ఉన్నడు.”

తెరిచాను. నిజంగానే లేచాడు. టోపీ దులుపుకుని, తనని పడేసిన నిచ్చెనకే దండం పెట్టాడు. మా ఆయన పోయాక మొదటిసారి నవ్వాను. ఆ నవ్వే ఏడుపైంది. ముసలాయన ఫోన్ అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

రాసినవా బిడ్డా? ఏదీ, చదువు. పడ్డది ఇడిసిపెట్టు. లేచిన కాడి నుంచి చదువు.